వెన్నుపాము దెబ్బ తర్వాత పేగులకు కరెంటు: ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు

అందరికీ నమస్కారం.

"కరెంటు పెడితే మోషన్ అవుతుందా?" వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్న ఇది. ఫిజియోథెరపీ గదిలో చేతికీ కాలికీ కరెంటు పెట్టడం చూస్తారు కదా, మరి పేగులకు ఎందుకు పెట్టకూడదు అనిపిస్తుంది. రోజు విడిచి రోజు గంటా గంటన్నర కమోడ్ కుర్చీ మీదే గడిచిపోతుంటే, పెళ్ళికి వెళ్ళాలంటే ముందు రోజు రాత్రి నుంచే అన్నం మానేస్తుంటే, అడగడం న్యాయమే.

అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడానికి వీల్లేదు. కరెంటు పెట్టే పద్ధతి ఒకటి కాదు. వెన్నులో నరాల వేర్లకే ఆపరేషన్ చేసి పెట్టేది ఒకటి, పిరుదు దగ్గర చర్మం కింద బ్యాటరీ పెట్టేది ఇంకొకటి, చీలమండ దగ్గర పెట్టేది మరొకటి, పొట్ట మీద ప్యాడ్లు అంటించేవి రెండు రకాలు. ఒకరికి కుదిరింది మరొకరికి అసలు పనికిరాదు. అందుకని మిషన్ల సంగతి కాసేపు ఆపి ముందు నరాల సంగతి చూద్దాం.

పెద్దపేగుకు తన సొంత నరాల వల ఒకటి గోడలోనే ఉంటుంది. వెన్నుపాము తెగినా అది బతికే ఉంటుంది, మలాన్ని నెమ్మదిగానైనా ముందుకు తోస్తూనే ఉంటుంది. పేగు మొదటి భాగానికి మెదడు నుంచి నేరుగా దిగే వేగస్ నరం వస్తుంది. అది వెన్నుపాము గుండా రాదు కాబట్టి దెబ్బ తగలదు. ఎడమవైపు దిగే పేగుకీ, పురీషనాళానికీ (మలద్వారానికి ముందుండే పేగు చివరి భాగం) వచ్చే నరాలు మాత్రం వెన్నుపాము అట్టడుగు నుంచి, ఎస్-2, ఎస్-3, ఎస్-4 అనే భాగాల నుంచి వస్తాయి. మలద్వారం చుట్టూ బిగించి ఉంచే కండరానికి వెళ్ళే నరమూ అక్కడిదే. మన విషయమంతా ఈ మూడు భాగాల చుట్టూనే తిరుగుతుంది.

ఊరికి వచ్చే మెయిన్ లైను తెగిపోయినా ఇంట్లో వైరింగు బాగుంటే జనరేటర్ పెట్టి లైటు వెలిగించుకోవచ్చు. ఇంట్లో వైరింగే కాలిపోతే ఎంత ఖరీదు జనరేటర్ తెచ్చినా బల్బు వెలగదు. దెబ్బ మెడలోనో ఛాతీ వెనకో తగిలి, కింద ఎస్ భాగాలు క్షేమంగా ఉంటే మొదటి రకం. మెదడు ఆజ్ఞ అందదు కానీ కింద రిఫ్లెక్స్ బతికి ఉంటుంది. పురీషనాళం నిండితే దానంతటదే ముడుచుకుంటుంది, మలద్వారం బిగుతుగా ఉంటుంది. దీన్ని రిఫ్లెక్స్ పేగు అంటారు. దెబ్బ సరిగ్గా వెన్నుపాము కొసకు గానీ, దాని కింద తోకలా వేలాడే నరాల గుత్తికి గానీ తగిలితే రెండో రకం. రిఫ్లెక్స్ ఉండదు, మలద్వారం వదులుగా ఉంటుంది, దగ్గినా ఒకవైపు నుంచి ఇంకోవైపు ఒరిగినా మలం జారుతుంది. దీన్ని వదులు పేగు అందాం.

ఇక్కడ రిపోర్టు చదవడంలో చాలామంది పొరబడతారు. ఎముక నంబరూ వెన్నుపాము నంబరూ ఒకటి కావు. నంబరు ముందు టి ఉంటే ఛాతీ వెనక భాగం, ఎల్ ఉంటే నడుం భాగం. పెద్దవాళ్ళలో వెన్నుపాము ఎల్-1, ఎల్-2 ఎముకల దగ్గరే ముగిసిపోతుంది. ఎస్-2, 3, 4 భాగాలు టి-12, ఎల్-1 ఎముకల వెనక ఉంటాయి. తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికులకూ, కట్టుబడి పనిలో పరంజా మీద నుంచి పడ్డవాళ్ళకూ తరచుగా విరిగేది ఈ మలుపు దగ్గరే. రిపోర్టులో "ఎల్-1 బరస్ట్ ఫ్రాక్చర్" అని, అంటే ఆ ఎముక నలిగి ముక్కలైందని ఉంటే, నడుం పైభాగమే కదా, మలం నరాలు ఇంకా కిందెక్కడో ఉన్నాయి కదా అనుకుంటారు. నిజానికి నలిగింది ఆ నరాలు పుట్టే చోటే. ఇలాంటి దెబ్బల్లో ఒక్కోసారి రెండు రకాలూ కలిసి ఉంటాయి, ఒకవైపు రిఫ్లెక్స్ ఉండి ఇంకోవైపు ఉండకపోవచ్చు. కాబట్టి ఎముక నంబరు చూసి ఏ మిషన్ కొనాలో నిర్ణయించకండి.

మరి తెలిసేదెలా? పరీక్ష అయిదు నిమిషాల పని, స్కానింగు అక్కర్లేదు. మలద్వారం పక్క చర్మాన్ని గుండుసూది మొనతో మెల్లగా తాకితే చుట్టూ కండరం ముడుచుకుంటుందా? గ్లవ్స్ వేసుకుని, జెల్ రాసి వేలు లోపల ఉంచి, పురుషాంగం చివర నొక్కితే, ఆడవాళ్ళలో క్లిటోరిస్ నొక్కితే, లేదా బెలూన్ ఉన్న మూత్రపు గొట్టాన్ని కొంచెం లాగితే, వేలి చుట్టూ బిగుతు తెలుస్తుందా? తెలిస్తే వైరింగు బతికి ఉన్నట్టు. ఈ పరీక్ష దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో చేసి తీర్పు చెప్పకూడదు. అప్పుడు వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, రిఫ్లెక్సులన్నీ పడుకుంటాయి, తిరిగి రావడానికి వారాలు పడుతుంది. డిశ్చార్జి కాగితంలో "రిఫ్లెక్స్ లేదు" అని రాసి ఉంటే మూడు నెలలకు మళ్ళీ చూపించుకోండి.

అదే పరీక్షలో ఇంకో సంగతి కూడా రాయించుకోండి. మలద్వారం దగ్గర స్పర్శ గానీ, సొంతంగా బిగించే శక్తి గానీ రవ్వంతైనా మిగిలి ఉందా? ఉంటే దెబ్బ అసంపూర్ణం అంటారు. పక్షవాతం పూర్తిగా కనిపిస్తున్నా, ఈ రవ్వంత మిగలడం వల్లే కొన్ని చికిత్సలకు తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పుడు మిషన్లకు వద్దాం. అన్నిటికన్నా పెద్దదీ, పాతదీ ముందు చెబుతాను. మన దగ్గర మామూలుగా దొరికేది కాదు, అయినా వివరంగా చెప్పాలి, ఎందుకంటే కరెంటుతో మలవిసర్జన ఎలా జరుగుతుందో దీన్ని చూస్తేనే అర్థమవుతుంది.

లండన్‌లో జైల్స్ బ్రిండ్లీ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1970ల చివర్లో దీన్ని మనుషులకు అమర్చి పని చేయించాడు. అసలు ఉద్దేశం మూత్రం పోయించడం. ఎస్-2, 3, 4 నరాల ముందు వేర్లకు, అంటే ఆజ్ఞలు బయటికి తీసుకెళ్ళే వేర్లకు, ఎలక్ట్రోడ్లు తొడుగుతారు. అక్కడి నుంచి తీగలు చర్మం కిందుగా వచ్చి పొట్ట మీదో ఛాతీ కిందో ఉండే చిన్న రిసీవర్‌కు కలుస్తాయి. లోపల బ్యాటరీ ఉండదు. బయట చేతిలో పట్టే కంట్రోల్ పెట్టె, దానికి తీగతో ట్రాన్స్‌మిటర్ దిమ్మ ఉంటాయి. ఆ దిమ్మను రిసీవర్ ఉన్న చోట చర్మం మీద ఆనిస్తే రేడియో తరంగాలతో కరెంటు లోపలికి వెళుతుంది. బ్యాటరీ మార్చడానికి మళ్ళీ కోయాల్సిన పని లేకపోవడం దీని గొప్ప.

దీన్ని పెట్టగానే ఒక చిక్కు వచ్చింది. ఆ నరం వేరులో రెండు రకాల పోగులు ఉంటాయి. మలద్వారం బిగించే కండరానికి వెళ్ళేవి లావు పోగులు, పురీషనాళం గోడకు వెళ్ళేవి సన్న పోగులు. తక్కువ కరెంటుకే లావు పోగులు స్పందిస్తాయి. అంటే లోపలి నుంచి తోయమని కరెంటు ఇస్తే, తోయడం కన్నా ముందు తలుపు బిగుసుకుంటుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. తలుపు కండరాన్ని వదిలేసి లోపలి కండరాన్ని మాత్రమే ముడిపించడం ఈ అమరికతో కుదరదు.

దారి ఏమిటంటే కాలం తేడాను వాడుకోవడం. తలుపు కండరం మన చేతి కండరంలాంటి జాతిది, కరెంటు ఆపిన మరుక్షణం వదులవుతుంది. పురీషనాళం గోడ కండరం మెల్లగా ముడుచుకుని మెల్లగా వదులుతుంది, కరెంటు ఆగాక కూడా కొన్ని సెకన్లు ఒత్తిడి మిగిలి ఉంటుంది. కాబట్టి కరెంటును ఆగకుండా ఇవ్వరు. కొన్ని సెకన్లు ఇచ్చి, ఆపి, మళ్ళీ ఇస్తారు. ఇస్తున్నప్పుడు ఏమీ బయటికి రాదు. ఆపిన విరామంలోనే మలం బయటికి వస్తుంది. మూత్రానికీ ఇదే సూత్రం, అయితే మలానికి కరెంటు ఇచ్చే సమయమూ, విరామమూ రెండూ పొడవుగా పెడతారు, పేగు ఇంకా నెమ్మది గనుక. అందుకే ఒకే పెట్టెలో వేరు వేరు ప్రోగ్రాములు ఉంటాయి.

మూడు వేర్లూ ఒకే పని చేయవు. ఎస్-2కి కరెంటు ఇస్తే పేగు అక్కడక్కడా బలం లేకుండా ముడుచుకుంటుంది, కాలు పాదం కూడా కదులుతాయి. ఎస్-3కి ఇస్తే అలలాగా ముందుకు తోసే బలమైన కదలిక వస్తుంది, మళ్ళీ మళ్ళీ ఇస్తే అది పెరుగుతుంది. ఎస్-4 పేగు గోడకు బిగువు ఇస్తుంది. మలం పని జరిగేది ప్రధానంగా ఎస్-3తో.

ఫలితం ఎంత? 1990లో బ్రిటన్‌లో ఇలా అమర్చిన 12 మంది గురించి వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ళలో 6 గురికి మిషన్ ఒక్కదానితోనే పూర్తిగా మోషన్ అయింది. మిగతావాళ్ళకు వేలి సాయం అవసరమైంది, కానీ మలబద్ధకం తగ్గి, కుర్చీ మీద గడిపే సమయం తగ్గింది. సగం మందికి పూర్తిగా, సగం మందికి కొంత అన్న ఈ లెక్కను గుర్తుంచుకోండి. ఇంత పెద్ద ఆపరేషన్‌తో, అదీ వైరింగు బతికి ఉన్నవాళ్ళను ఏరి చేస్తే వచ్చిన ఫలితం ఇది. పొట్ట మీద రెండు ప్యాడ్లు అంటిస్తే దీనికన్నా గొప్పగా అవుతుందని ఎవరైనా చెబితే అనుమానించాలి.

దీనికి చెల్లించే మూల్యం కూడా చెప్పాలి. 1980ల్లో జర్మనీలో జావర్‌వైన్ అనే సర్జన్ ఈ ఎలక్ట్రోడ్లతో పాటు అవే భాగాల వెనక వేర్లను కోసేయడం మొదలుపెట్టాడు. వెనక వేర్లు కబురు లోపలికి తెచ్చేవి. వాటిని కోస్తే మూత్రాశయం అకస్మాత్తుగా ముడుచుకోవడం ఆగుతుంది, మూత్రం కారడం తగ్గుతుంది, కిడ్నీల మీద ఒత్తిడి తగ్గుతుంది, దాని వల్ల వచ్చే బీపీ పోటూ తగ్గుతుంది. కానీ అది తిరిగిరాని కోత. మగవాళ్ళలో రిఫ్లెక్స్‌గా వచ్చే అంగస్తంభన, స్ఖలనం పోతాయి. ఆ ప్రాంతంలో మిగిలిన స్పర్శ పోతుంది. ఇన్నాళ్ళూ వేలితో తిప్పితే మోషన్ వచ్చే రిఫ్లెక్స్ ఉంటే అదీ పోతుంది. తర్వాత మిషన్ తీగ తెగితే చేతిలో మిగిలేది వదులు పేగే. పాతికేళ్ళ కుర్రాడికి ఈ సంగతి స్పష్టంగా చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం అన్యాయం. అమెరికాలో 1998లో దీనికి అనుమతి ఇచ్చారు, యూరప్‌లోనే ఎక్కువ వాడారు. పాడయ్యేవి ఏమిటంటే: తీగ విరగడం, రిసీవర్ చెడిపోవడం, చీము పట్టడం, వెన్ను ద్రవం కారడం, ఎలక్ట్రోడ్ తొడిగేటప్పుడు వేరు నలిగిపోవడం.

రెండోది పిరుదు దగ్గర పెట్టే పేస్‌మేకర్ లాంటిది, శాక్రల్ న్యూరోమాడ్యులేషన్ అంటారు. పేరులో శాక్రల్ ఉండటం వల్ల దీన్నీ బ్రిండ్లీదాన్నీ ఒకటే అనుకుంటారు. పని పూర్తిగా వేరు. ఇది పేగును ముడిపించదు. నడుం కింద పిరుదుల మధ్య ఉండే త్రికాస్థి ఎముకలో ఎస్-3 రంధ్రం గుండా సన్నని తీగ దూర్చి, సెకనుకు 14 సార్లు, ఒక్కోసారి 210 మైక్రో సెకన్ల పాటు చిన్న కరెంటు రోజంతా ఇస్తూ ఉంటుంది. ఆ కబురు వెన్నుపాము గుండా పైకి వెళ్ళి మెదడుతో జరిగే సంప్రదింపును మారుస్తుంది. పైకి వెళ్ళే దారి కొంచెమైనా ఉండాలి కాబట్టి అసంపూర్ణ దెబ్బల్లోనే దీని గురించి ఆలోచిస్తారు. దారి పూర్తిగా తెగినవాళ్ళకు దీన్ని మామూలుగా సిఫార్సు చేయరు. మలం ఆపుకోలేనివారికి దీన్ని పెట్టిన మొదటి కథనం 1995లో జర్మనీలోని ఎర్లాంగెన్ నుంచి వచ్చింది. అమెరికాలో మల నియంత్రణ కోసం అనుమతి 2011లో వచ్చింది. గమనించండి, అనుమతి జారిపోవడానికి, మలబద్ధకానికి కాదు.

దీనిలో మెచ్చుకోవలసింది, ముందు పరీక్షించి చూసే వీలుండటం. తీగ మాత్రం లోపల పెట్టి, బ్యాటరీ బయట ఉంచి రెండు మూడు వారాలు నడుపుతారు. ఆ వారాల్లో డైరీ రాయాలి. జారిపోయిన సందర్భాలు కనీసం సగానికి తగ్గితేనే బ్యాటరీ లోపల పెడతారు. లేకపోతే తీగ తీసేస్తారు. డైరీ సరిగా రాయకపోతే అంత ఖర్చుతో చేసిన పరీక్షా వృథానే.

మూడోది చీలమండ దగ్గరి నరం. టిబియల్ నరం అంటారు. అది కూడా కింద ఎస్ భాగాల నుంచే వస్తుంది, అందుకే దాని ద్వారా కబురు పంపితే పురీషనాళం మీద ప్రభావం ఉండొచ్చన్నది ఆలోచన. సూదితో చేసే పద్ధతిలో కాలి లోపలివైపు చీలమండ ఎముకకు 5 సెంటీమీటర్లు పైన, అంటే సుమారు మూడు వేళ్ళ ఎత్తున, పెద్ద ఎముక వెనక అంచులో సన్నని సూది గుచ్చుతారు. పాదం లోపలి వైపు ఒక ప్యాడ్ అంటిస్తారు. సెకనుకు 20 సార్లు, 200 మైక్రో సెకన్లు, కూర్చోబెట్టి 30 నిమిషాలు, వారానికోసారి చొప్పున 12 వారాలు. సూది లేకుండా ప్యాడ్లతో, టెన్స్ అనే చర్మం మీద కరెంటు ఇచ్చే చిన్న మిషన్ మీద కూడా చేస్తారు, అది ఇంట్లో కుదురుతుంది.

కరెంటు ఎంత పెంచాలి? స్పర్శ ఉన్న మనిషిని "తెలుస్తోందా" అని అడగొచ్చు. ఇక్కడ అడగడానికి లేదు, చూడాలి. మెల్లగా పెంచుతూ కాలి బొటనవేలు కిందికి వంగడమో, వేళ్ళు విసనకర్రలా విచ్చుకోవడమో కనబడగానే ఆగి కొంచెం తగ్గించండి. ఎంత పెంచినా వేళ్ళు కదలకపోతే ముందు ప్యాడ్ చోటు మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే ఆ నరం కిందే దెబ్బతిని ఉండొచ్చు, ఈ చికిత్స మీద డబ్బు పెట్టే ముందు డాక్టరుతో మాట్లాడండి. ఇది చవకలో దొరికే సూచన. అయితే తలకిందులుగా తీసుకోకండి: వేలు వంగినంత మాత్రాన పేగు నరాలు బాగున్నాయని రుజువు కాదు.

నా అభిప్రాయం అడిగితే, దీని మీద ఆశ తక్కువ పెట్టుకోండి. వెన్నుపాము దెబ్బ లేకుండా మలం జారిపోయే 227 మందితో 2015లో బ్రిటన్ ఫలితాలు వచ్చాయి. అసలు చికిత్స పొందినవారిలో 38 శాతం మందికీ, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 31 శాతం మందికీ మేలు కనబడింది. ఆ తేడాను కరెంటు గొప్ప అనడానికి లేదు. హాని తక్కువ, ఖర్చు తక్కువ గనుక పన్నెండు వారాలు ప్రయత్నించి చూడటంలో తప్పు లేదు. పదమూడో వారంలో ఫలితం లేకపోతే మానేయండి.

పొట్ట మీద పెట్టేవాటికి వస్తే, మన జిల్లా కేంద్రాల్లోని ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో కూడా ఐ.ఎఫ్.టి. మిషన్ ఉంటుంది, నడుం నొప్పికీ మోకాలి నొప్పికీ వాడేదే. మెల్‌బోర్న్‌లోని పిల్లల ఆసుపత్రి బృందం దాన్ని మలబద్ధకం ఉన్న పిల్లల పొట్ట మీద వాడి చూసింది. నాలుగు ప్యాడ్లు: రెండు ముందు పక్కటెముకల అంచు కింద, రెండు వెనక వెన్నుకు అటూ ఇటూ టి-9 నుంచి ఎల్-2 మధ్య. కుడి ముందుదానికి ఎడమ వెనకది జత, ఎడమ ముందుదానికి కుడి వెనకది జత. రెండు కరెంటులు పొట్ట లోపల ఒకదాన్నొకటి దాటుతాయి. 4000 హెర్ట్జ్ మూల కరెంటు, 80 నుంచి 150 హెర్ట్జ్ తేడా, 20 నిమిషాలు, వారానికి మూడుసార్లు. పుట్టుకతో వెన్ను మూసుకోని పిల్లల్లోనూ కొన్ని చోట్ల ప్రయత్నించారు, మేలు కనబడిందన్నారు. ఇక్కడ పనిచేసేది పేగు గోడలోని సొంత నరాల వల మీదే అనుకుంటున్నారు కాబట్టి, వదులు పేగువారికి కూడా సిద్ధాంతపరంగా దీని దారి మూసుకుపోలేదు. జతలు తప్పు కలిపితే, అంటే ముందు రెండూ ఒక ఛానెల్, వెనక రెండూ ఇంకో ఛానెల్ పెడితే, కరెంటు చర్మం మీదుగా పోతుంది, లోపల దాటదు. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే.

రెండో రకం పొట్ట కండరాలను ముడిపించేది. మెడ దెబ్బ తగిలినవారికి ముక్కి తోసే బలం ఉండదు, ఆ బలాన్ని బయటి నుంచి ఇవ్వడం. పొట్ట కండరాల నరాలు టి-7 నుంచి టి-12 వరకు వస్తాయి. దెబ్బ వాటికి పైన ఉంటేనే ఇది కుదురుతుంది. సరిగ్గా ఆ భాగాలే నలిగి ఉంటే అక్కడ కండరం మామూలు మిషన్‌కు స్పందించదు. బొడ్డుకు అటూ ఇటూ నిలువు కండరం మీద ఒక జత, పక్కల వాలు కండరాల మీద ఒక జత పెడతారు. బెల్టులోనే ఎలక్ట్రోడ్లు కుట్టినవి కూడా ఉన్నాయి. కమోడ్ కుర్చీలో కూర్చున్నాక, సపోజిటరీ (మలద్వారం లోపల పెట్టే మందు గుళిక) పెట్టి అది పని మొదలుపెట్టే సమయానికి దీన్ని నడిపితే మొదటి మలం బయటికి రావడానికి పట్టే సమయం తగ్గినట్టు చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. క్లీవ్‌లాండ్‌లో దగ్గు బలం కోసం వెన్నులో వీపు కింది భాగాన ఎలక్ట్రోడ్లు పెట్టినవారికి మోషన్ కూడా తేలికైంది, కారణం ఇదే, పొట్ట లోపలి ఒత్తిడి.

ఇక జాగ్రత్తలు. స్పర్శ లేని చర్మం కాలుతున్నా మనిషికి తెలియదు. క్లినిక్కుల్లో వాడే నల్ల రబ్బరు ప్యాడ్ల కింద జెల్ ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ ఉంటే, తక్కువ ఉన్న చోట కరెంటంతా గుమిగూడి అక్కడ బొబ్బ వస్తుంది. అంటుకునే ప్యాడ్ అంచు లేచినా అంతే. 5 సెంటీమీటర్ల చదరం కన్నా చిన్న ప్యాడ్ పొట్ట మీద వాడకండి. గాలి పీల్చి పట్టుకునే కప్పులు స్పర్శ లేనివారికి వద్దు, రక్తం గూడు కడుతుంది. పాత క్లినిక్కుల్లో గాల్వానిక్ కరెంటు ఉంటుంది, ఒకే దిశలో పారేది. దాని కింద చర్మం మీద ఒకవైపు ఆమ్లం, ఇంకోవైపు క్షారం పుట్టి రసాయనాలతో చర్మం కాలుతుంది. స్పర్శ లేని చోట దాన్ని పెట్టనివ్వకండి. ప్రతి పది నిమిషాలకు ప్యాడ్ ఎత్తి చూడండి. కొంచెం ఎర్రబడటం మామూలే. అరగంటలో పోకపోతే ఆ చోట మరుసటి రోజు పెట్టకండి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవారికి, ఆ ప్రాంతంలో క్యాన్సర్ ఉన్నవారికి, ప్యాడ్ పెట్టే చోట పడక పుండు ఉన్నవారికి ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకూడదు.

టి-6 గానీ అంతకు పైన గానీ దెబ్బ ఉన్నవారిలో అసలు భయం బీపీది. వీరి మామూలు బీపీ పై అంకె 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. కింద భాగంలో ఏది గట్టిగా కదిపినా, అది నిండిన పురీషనాళం కావచ్చు, వేలు కావచ్చు, కరెంటు కావచ్చు, పై అంకె 20 నుంచి 40 పెరిగిపోవచ్చు. అంటే మనకు మామూలుగా కనిపించే 140 వీరికి ప్రమాద సూచన. తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బకు పైన మాత్రమే చెమటలు. అప్పుడు మొదట మిషన్ ఆపండి. నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. బెల్టు, కాలి బ్యాగు పట్టీ వదులు చేయండి. మూత్రపు గొట్టం మెలిపడిందేమో చూడండి. రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూడండి. తర్వాతే మలం సంగతి: మొద్దుబార్చే 2 శాతం లిగ్నోకైన్ జెల్లీ లోపల పెట్టి కనీసం రెండు నిమిషాలు ఆగి అప్పుడు మెల్లగా తీయాలి. జెల్లీ లేకుండా వేలు పెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. 150 దాటి దిగకపోతే ఆసుపత్రికి. మగవారు అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వేసుకుని ఉంటే అది అక్కడి డాక్టరుకు తప్పక చెప్పండి. బీపీ తగ్గించడానికి ఇచ్చే నైట్రేటు మందు దానితో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

సమయం ఉంది, రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: మిషన్ పెట్టుకుంటే ఇప్పుడు చేస్తున్న రొటీన్ మానేయొచ్చా అండీ?

మానకూడదు. బ్రిండ్లీ మిషన్ ఉన్నవారికి కూడా వేళ తప్పకూడదు. తిన్న తర్వాత 20 నుంచి 40 నిమిషాల మధ్య పేగు సహజంగానే ఎక్కువ కదులుతుంది, కూర్చోవడమూ, కరెంటూ ఆ వేళకే పెట్టుకోవాలి. రిఫ్లెక్స్ పేగువారికి మలం మెత్తగా, రూపం ఉండేలా ఉండాలి. సపోజిటరీ మలంలో గుచ్చితే పనిచేయదు, పేగు గోడకు ఆనించాలి. వేలు లోపల గుండ్రంగా 20 సెకన్లు తిప్పి ఆపి, అయిదు పది నిమిషాలకు మళ్ళీ. వదులు పేగువారికి వేలు తిప్పడం వల్ల లాభం లేదు, రిఫ్లెక్సే లేదు కదా. వారికి మలం కొంచెం గట్టిగా ఉంచుకుని వేలితో తీయడమే మార్గం, సాధారణంగా రోజూ. ఇసబ్‌గోల్ గురించి కూడా చెప్పాలి, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మూత్రం తక్కువ రావాలని నీళ్ళు తగ్గించుకుని ఇసబ్‌గోల్ తాగితే అది నెమ్మది పేగులో ముద్దకట్టి అడ్డుపడుతుంది. లోపల గడ్డకట్టిన మలం ఉండి దాని పక్క నుంచి నీళ్ళలా కారుతుంటే విరేచనాలనుకుని అవి ఆగే మాత్ర వేస్తారు. ఇలాంటివారికి కరెంటు పెట్టే ముందు పొట్ట ఎక్స్‌రే తీసి, గడ్డను తీసేసి, ఆ తర్వాతే మొదలుపెట్టాలి.

ప్రశ్న: పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? మా అన్నయ్యకు ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు.

అందుకే మొదలుపెట్టక ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి. కూర్చున్న వేళ, మొదటి మలం వచ్చిన వేళ, లేచిన వేళ, వేలు ఎన్నిసార్లు, ఏ మందు, మలం గట్టిదనాన్ని బొమ్మలతో చూపే బ్రిస్టల్ పటంలో 1 నుంచి 7లో ఏ రకం, ఆ రోజు జారిందా. దానితో పాటు నరాల దెబ్బ వల్ల పేగు ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే ఎన్.బి.డి. స్కోరు వేయించుకోండి, పది ప్రశ్నలే, మొత్తం 47 అంకెలు. 6 వరకు చాలా స్వల్పం, 14 నుంచి తీవ్రం. తర్వాత మిషన్ వాడుతున్నన్నాళ్ళూ మందులూ తిండీ మార్చకండి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలయ్యాక మళ్ళీ స్కోరు వేసి, కుర్చీ మీద గడిపిన సగటు నిమిషాలు పక్కపక్కన పెట్టండి. మీ అన్నయ్య పుస్తకంలో తొంభై నిమిషాలు అరవైకి దిగితే కొనసాగించండి. ఎనభై అయిదుకు దిగితే, క్లినిక్కుకు వెళ్ళిరావడానికి ఆటో ఛార్జీ ఎంతవుతోందో కూడా ఆ పుస్తకంలోనే రాసి, అది ఇచ్చిన అయిదు నిమిషాలకు సరిపోతుందో లేదో ఆయన్నే తేల్చుకోమనండి.